సుందరయ్యగారి సైకిలు

1952వ సంవత్సరంలో స్వతంత్ర భారతదేశపు తొలి పార్లమెంటు సమావేశమైన నాటి ఢిల్లీ సైకిళ్ల నగరం. ఉదయం పది గంటలు కాకముందే సచివాలయాల వైపు గుమాస్తాలు బారులు తీరి పోయేవారు. భోజనపు డబ్బా హ్యాండిలుకు వ్రేలాడుచుండగా, కాగితాల కట్టను వెనుక క్యారియరుపై బిగించుకొని, ఎండకు తలకు రుమాలు చుట్టుకొని పోయే ఆ వేలాది మందిలో ఎవరెవరో గుర్తించుట కష్టం. ఆ ప్రవాహంలోనే ముప్పదితొమ్మిదేండ్ల తెలుగువాడొకడు సైకిలు తొక్కుకొంటూ వచ్చేవాడు. గుమాస్తాలు తమ తమ కార్యాలయాలకు మరలిపోగా ఆయన మాత్రం పార్లమెంటు భవనం వైపు తిరిగేవాడు. ఆయనే రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడైన పుచ్చలపల్లి సుందరయ్య.

ఈ సైకిలును గురించి తరువాతి కాలంలో ఎన్నో కథలు పుట్టినవి. ద్వారం వద్ద ఎవరేమన్నారు, ఎవరు ఆపినారు, ఎవరు ఆశ్చర్యపడినారు అని చెప్పుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. కథలు పెరుగుట సహజం. వాటి నన్నింటిని ప్రక్కకు పెట్టినను నిలిచే సంగతి ఒకటున్నది. పార్లమెంటు సభ్యుడు సైకిలుపై సభకు వచ్చినాడు. ఒక దినం వేడుకకు కాదు, నిత్యం వచ్చినాడు. అయితే ఆ దృశ్యంలోని అసలు విశేషం కారు లేకపోవుటలో లేదు. అంతకు కొద్ది నెలల ముందు వరకు ఆ మనిషి పట్టపగలు ఏ వీథిలోను తన ముఖంతో, తన పేరుతో కనిపించుటకు వీలులేని స్థితిలో ఉండినాడు. ఆ సంగతి తెలియనిదే ఆ సైకిలు ప్రయాణం విలువ తెలియదు.

సుందరయ్యగారు 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో ఒక భూస్వామి కుటుంబంలో జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరు చివరనున్న కులసూచకాన్ని ఆయన తరువాత తానే తొలగించుకొన్నారు. పసితనంలోనే తండ్రి గతించినాడు. అక్కగారి కుటుంబంతో ఊరూరు తిరుగుచు చదువుకొన్నారు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుచుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినది. పదునేడేండ్ల విద్యార్థి పుస్తకాలు మూసి ఉద్యమంలో దూకినాడు. వయస్సు చాలనివాడగుటచేత ప్రభుత్వం ఆయనను పెద్దల జైలుకు కాక బోర్‌స్టల్ పాఠశాలకు పంపినది. విడుదలైన పిదప మద్రాసులో అమీర్ హైదర్ ఖాన్ పరిచయం కలిగినది. దానితో ఆయన జీవితమార్గం నిర్ణయమైపోయినది.

స్వగ్రామానికి తిరిగివచ్చి ఆయన చేసిన మొదటి పని వ్యవసాయకూలీలను సంఘంగా కూర్చుట. భూస్వామి కొడుకు తన ఇంటి కూలీల పక్షాన నిలిచి, తన వర్గం వారితోనే తగవుపడుట ఆ కాలపు పల్లెలో చిన్న విషయం కాదు. తన వాటాకు వచ్చిన ఆస్తిని ఆయన తరువాత పార్టీకే ఇచ్చివేసినారు.

ఆనాటి ఆంధ్రదేశంలో రాజకీయ కార్యకర్తకు కాళ్ల తరువాత సైకిలే వాహనం. రాలీ, హెర్క్యులీస్, బి.ఎస్.ఏ. అనే సీమ సైకిళ్లు మద్రాసు రేవులో దిగి జిల్లాలకు చేరేవి. వాటిని కొనగలిగినవారు మోతుబరులు, ప్లీడర్లు, వైద్యులు. తక్కినవారికి పట్టణాలలో అద్దె సైకిళ్ల దుకాణాలే దిక్కు. సీటు అందని పిల్లలు కడ్డీ క్రిందుగా కాలు దూర్చి వంకరగా తొక్కుచు మోకాళ్లు చీరుకొనేవారు. పురపాలక సంఘానికి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవలసినదే. రాత్రివేళ దీపం లేకపోయినను, ఇద్దరెక్కినను పోలీసువాడు పట్టుకొనేవాడు.

డెల్టా ప్రాంతంలో సైకిలు తొక్కుట ఒక విధంగా సుఖం, మరొక విధంగా నరకం. కాలువగట్లు చదునైనవి, చెట్ల నీడలో మైళ్లకు మైళ్లు సాగిపోవచ్చును. కాని వాన కురిసి నల్లరేగడి తడిసినదా, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బురద గట్టిపడి చక్రం కదలదు. పుల్లతో గీకుకొని నాలుగు గజాలు నడిపేసరికి మరల అదే గతి. అప్పుడు మనిషి సైకిలు ఎక్కుట మాని సైకిలే మనిషి భుజమెక్కుతుంది. పల్లెలు తిరిగిన ఆ తరం ఉపాధ్యాయులలోను, కార్యకర్తలలోను ఈ అనుభవం లేనివారు అరుదు.

సుందరయ్యగారి జీవితానికి ఒక విచిత్రమైన లయ ఉన్నది. కొంతకాలం బహిరంగంగా జనంలో తిరుగుట, కొంతకాలం మాయమగుట, మరల ప్రత్యక్షమగుట. 1939లో రెండవ ప్రపంచయుద్ధం వచ్చుటతో ఆయన అజ్ఞాతవాసం చేసినారు. 1942లో పార్టీపై నిషేధం తొలగినది, వెలుపలికి వచ్చినారు. 1943లో లీలగారితో వివాహమైనది. సంతానం కలిగిన యెడల ప్రజాసేవకు ఆటంకమగునని దంపతులు సంతానమే వలదనుకొన్నారు. అందుకై ఆయన శస్త్రచికిత్స చేయించుకొన్నారు. ఇట్టి నిర్ణయం అందరికీ సమ్మతం కాకపోవచ్చును, అందరికీ సాధ్యమూ కాదు. కాని ఆయన దేనిని వదలుకొని తిరుగుచుండినారో తెలియుటకు ఈ ఒక్క సంగతి చాలును.

తరువాత తెలంగాణ పోరాటం వచ్చినది. 1946లో మొదలైన ఆ రైతాంగ ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో ఆయన ముఖ్యులు. 1948 నుండి నాలుగేండ్లు మరల అజ్ఞాతవాసం. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగినది. ఆ పోరాటాన్ని గురించి, అది కొనసాగిన తీరును గురించి, విరమణను గురించి ఆయన పార్టీలోనే తీవ్రమైన భేదాభిప్రాయాలుండినవి. దాని చరిత్రను, గుణపాఠాలను ఆయన 1972లో పెద్ద గ్రంథంగా వ్రాసినారు. ఇక్కడ ఆ వాదంలోనికి పోనక్కరలేదు. చూడవలసినది మనిషి స్థితి. నాలుగేండ్లు మారుపేరుతో, పరుల ఇండ్లలో, కుక్క మొరిగిన ప్రతిసారి చెవి రిక్కించి బ్రతికిన మనిషి ఎట్లుండును? ఆయన కోసం ప్రాణాలొడ్డి దాచినవారు పేదవారు. పట్టుబడిన యెడల వారి గతి ఆయన గతికంటె హీనం. అట్టి కాలంలో ఇల్లు విడిచి వీథిలో నాలుగడుగులు వేయుటయే సాహసం. గంట మ్రోగించుకొంటూ, ఎదురువచ్చినవారికి నమస్కరిస్తూ సైకిలుపై పోవుట కలలోని మాట.

అట్టివాడు 1952లో మద్రాసు శాసనసభ్యుల వోట్లతో రాజ్యసభకు ఎన్నికైనాడు. నిన్నటివరకు ప్రభుత్వం వెదకిన మనిషి నేడు ప్రభుత్వానికెదురుగా ఆసనంపై కూర్చుండినాడు. ఆ మనిషి ఢిల్లీ వెడల్పు వీథులలో సైకిలెక్కి పోవుచున్నాడు!

సైకిలు తొక్కుట ఒకసారి వచ్చిన పిదప మరచిపోవుట ఉండదని లోకంలో ఒక మాట ఉన్నది. అది చాలవరకు నిజమే. తూకం నిలుపుకొనే నేర్పు చదివి గుర్తుంచుకొన్న పాఠం వంటిది కాదు. అది చిన్నమెదడులోను, దానితో ముడిపడిన నాడీమార్గాలలోను స్థిరపడిపోతుంది. పద్యం మరచిపోవచ్చును, ఎక్కాలు మరచిపోవచ్చును. ఏండ్ల తరువాత సైకిలెక్కినవాడు మాత్రం మొదటి పది గజాలు తడబడి, పదునొకండవ గజంలో సర్దుకొంటాడు. చేతులు మరచిపోవు గాని తొడలు, ఊపిరితిత్తులు మరచిపోతాయి. అలవాటు తప్పిన కాళ్లకు చిన్న ఎత్తు కూడ కొండయై నిలుస్తుంది. ఎదురుగాలి శత్రువౌతుంది. మొదటి వారం పిక్కలు పట్టుకొంటాయి. అయినను రోజూ తొక్కినవానికి ఒక నెలలో ఊపిరి తిరిగి వస్తుంది. నాలుగు గోడల మధ్యనో, ఒక పాక మూలనో ఏండ్లు గడిపిన శరీరానికి ఇది మరొక జన్మ వంటిది.

పార్లమెంటు సభ్యుడు సైకిలెక్కుట ఆడంబరంలేని ఆడంబరమని ఆక్షేపించుటకు వీలున్నది. ఇట్టి ఆక్షేపణ క్రొత్తది కాదు. రష్యా దేశపు మహారచయిత టాల్‌స్టాయి 1895లో తన చిన్న కుమారుడు మరణించిన కొద్ది వారాలకే, అరువదియేడవ యేట, మాస్కోలో సైకిలు నేర్చుకొన్నాడు. ఆయన బోధించే నిరాడంబర జీవితానికి ఈ వినోదం తగదని సన్నిహితులలోనే కొందరు నొచ్చుకొన్నారు. ఆయన లెక్కచేయలేదు. సైకిలు నాటి రష్యాలో సంపన్నుల వినోదం గనుక టాల్‌స్టాయికి ఆ నింద వచ్చినది. అర్ధశతాబ్దం గడచి అదే సైకిలు భారతదేశంలో గుమాస్తా వాహనమైనది గనుక సుందరయ్యగారికి దానికి సరిగా ఎదురైన నింద వచ్చుటకు అవకాశం ఏర్పడినది. వస్తువు ఒకటే, దానినెక్కినవారి అంతస్తు మారినది.

కాని సుందరయ్యగారి విషయంలో లెక్కలు కూడ చూడవలసి ఉన్నది. 1954లో చేసిన చట్టం ప్రకారం పార్లమెంటు సభ్యునికి నెలకు 400 రూపాయల వేతనం, సభ జరిగే దినాలకు రోజుకు 21 రూపాయల భత్యం. కమ్యూనిస్టు సభ్యులు తమ వేతనాన్ని పార్టీకి అప్పగించి, పార్టీ ఇచ్చే కొద్ది మొత్తంతో కాలం గడిపేవారు. ఆస్తి అంతకు ముందే పోయినది. కారు కొనుట ఎట్లు? జట్కాకో, టాక్సీకో రోజూ డబ్బు పోయుట ఎందుకు? ఆయన సైకిలులో సిద్ధాంతం కొంత ఉండవచ్చును. గృహస్థుని పొదుపు అంతకంటె ఎక్కువగా ఉన్నది. ఆ పొదుపు అర్థమగుటకు ఉపాధ్యాయులకు వ్యాఖ్యానం అక్కరలేదు.

1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు వచ్చినవి. అధికారం తమదేనని ఆశించిన కమ్యూనిస్టులు 196 స్థానాలలో 15 మాత్రమే గెలిచినారు. ఆ పదునైదుగురిలో గన్నవరం నుండి నెగ్గిన సుందరయ్యగారు ఒకరు. ఢిల్లీ విడిచి రాష్ట్రానికి వచ్చినారు. గన్నవరం విజయవాడకు ఇరువది కిలోమీటర్ల దూరం. అక్కడి రైతులకు, కూలీలకు ఆయన ప్రసంగాలకంటె ఆయన రాకపోకలు బాగా తెలుసును. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు మారినది. ‘విశాలాంధ్ర’ భావానికి 1946లోనే పుస్తకరూపమిచ్చినవారాయన. హైదరాబాదు ఢిల్లీవలె చదునైన నగరం కాదు. బండరాళ్ల మీద ఎగుడుదిగుడుగా పెరిగిన నగరం. శాసనసభా భవనానికెదురుగా నౌబత్ పహాడ్ నిలిచి ఉన్నది. అక్కడను ఆయనకు సభకు సైకిలుపై వచ్చే సభ్యుడన్న పేరే నిలిచినది.

1962లో గన్నవరం ప్రజలు ఆయనను మరల ఎన్నుకొన్నారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినది. కలకత్తా మహాసభలో మార్క్సిస్టు పార్టీకి ఆయన ప్రధాన కార్యదర్శి అయినారు. అయిన వెంటనే నిర్బంధం. 1966 మే వరకు జైలులోనే. ఏబదిమూడేండ్ల వయస్సులో మరొకమారు వీథిలోనికి వచ్చినారు.

ఆయన వచ్చిన కొద్ది నెలలకే రాష్ట్రమంతయు ఉక్కును గురించి కదలినది. సైకిలును గురించిన కథలో ఉక్కు మాట వచ్చుట అసందర్భం కాదు. కడ్డీ, గొలుసు, రిమ్ము, ఊచలు, చిన్న చిన్న గోళీలతో సహా సైకిలంటే ఉక్కే. స్వాతంత్ర్యం వచ్చిన క్రొత్తలో మద్రాసులోను, ఆసన్‌సోల్‌లోను, సోనీపత్‌లోను సైకిలు కర్మాగారాలు వెలసినవి. భిలాయి, రూర్కెలా, దుర్గాపూరులలో ప్రభుత్వపు ఉక్కు కొలుములు వెలిగినవి. ఇంత పొడవైన సముద్రతీరమున్న ఆంధ్రప్రదేశ్‌కు ఉక్కు ఫ్యాక్టరీ లేదు. విశాఖపట్నం అందుకు తగిన చోటని నిపుణుల సంఘం 1965లో తేల్చినను కేంద్రం వెనుకాడినది. 1966 అక్టోబరు 15న టి. అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చుండినారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం పల్లె బడిపిల్లల నోట కూడ పలికినది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగినవి. రాష్ట్రంలో ప్రాణాలు కోల్పోయినవారిలో విద్యార్థులు ఉండినారు. సుందరయ్యగారి పక్షంతో సహా ప్రతిపక్షాలకు చెందిన పలువురు శాసనసభ్యులు తమ స్థానాలకు రాజీనామా ఇచ్చినారు. ఎన్నికలలో గెలుచుట ఎంత కష్టమో తెలిసినవారు ఆ స్థానాన్ని విడిచివచ్చినారన్నది గుర్తుంచుకోదగినది. 1970 ఏప్రిలులో ప్రధాని ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ మంజూరును పార్లమెంటులో ప్రకటించినారు. 1971 జనవరి 20న గాజువాక సమీపాన బాలచెరువు వద్ద శంకుస్థాపన చేసినారు. అప్పటికి గాజువాక విశాఖకు దూరంగా పొలాల మధ్యనున్న ఊరు. ఫ్యాక్టరీ కొరకు ఆ చుట్టుపట్ల పల్లెలు పల్లెలే భూములప్పగించి లేచిపోయినవి.

సుందరయ్యగారి జీవితంలో ఆ తరువాతి పదేండ్లు కలకత్తాలోని కేంద్ర కార్యాలయంలోను, దేశమంతట పర్యటనలలోను గడచినవి. శాసనసభ లేదు, గన్నవరం దూరమైనది. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినది. అరువదిరెండేండ్ల వయస్సులో ఆయన నాలుగవమారో అయిదవమారో, లెక్కపెట్టుట కూడ కష్టమే, ప్రభుత్వం కంటబడకుండ దాగవలసి వచ్చినది. యౌవనంలో అజ్ఞాతవాసం వేరు, వార్ధక్యంలో వేరు. దాగిన చోట వైద్యం దొరకదు, వేళకు తిండి దొరకదు, ఆరోగ్యం సహకరించదు. ఇదే కాలంలో పార్టీ విధానంపై సహచరులతో విభేదించి ప్రధాన కార్యదర్శి పదవిని విడిచినారు. ఇంత పెద్ద పదవిని చేజేతుల వదలి, సాధారణ కార్యకర్తగా సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చిన నాయకులు ఏ పార్టీలోనైనను తక్కువ. ఆయన గొప్పతనాన్ని వెదకేవారు సైకిలు వద్ద ఆగిపోతారు గాని, చూడవలసిన చోటు ఇది అనిపిస్తుంది.

1978లో అరువదియైదవ యేట ఆయన మరల గన్నవరం వెళ్లి నిలువబడినారు. పదునొకండేండ్ల ఎడబాటు తరువాత ఆ ప్రజలు ఆయనను మరల ఎన్నుకొన్నారు. అప్పటికి లోకం మారినది. శాసనసభ్యుల వెంట జీపులు, అంబాసిడర్ కార్లు బారులు తీరుచుండినవి. గన్నవరం రైతు ఇంట కూడ మోటారుసైకిలు చేరినది. సైకిలు పేదవాని గుర్తుగా మిగిలినది. మారనిది ఆయన ఇల్లు, ఆయన భోజనం, ఆయన దుస్తులు. సొంతమని చెప్పుకొనుటకు కారు కాదు గదా, సెంటు భూమి లేదు. సభలో 1983 వరకు ఉండి, కృష్ణా, గోదావరి జలాలను గురించి, రాష్ట్రంలోని ఎండిన ప్రాంతాలకు నీరు తీసుకుపోవు మార్గాలను గురించి లెక్కలు కట్టి వ్రాస్తూనే ఉండినారు. ఆ లెక్కలు ఆయన ఒక ఇంజనీరు వలె వేసేవారు. పటాలు ముందు వేసుకొని, ఏ కాలువ ఎంత ఎత్తున పోవలెనో చూచేవారు. కాలువగట్ల మీద తిరిగినవానికి నీటి వాలు తెలియుటలో వింత లేదు. సైకిలు తొక్కేవానికి తెలిసినంతగా నేల ఎత్తుపల్లాలు మరెవ్వరికీ తెలియవు.

1985 మే 19వ తేదీన మద్రాసులో సుందరయ్యగారు కన్నుమూసినారు. డెబ్బదిరెండేండ్ల జీవితం. ఏ నగరంలో విద్యార్థిగా పుస్తకాలు మూసి వీథిలోనికి నడచినారో, ఆ నగరంలోనే అంతిమశ్వాస విడిచినారు. లీలగారు ఆయన తరువాత కొన్నేండ్లు జీవించినారు. హైదరాబాదులో బాగ్‌లింగంపల్లి వద్ద ఆయన పేర విజ్ఞానకేంద్రం వెలసినది. అందులో పెద్ద గ్రంథాలయమున్నది. విద్యార్థులు అక్కడ పరీక్షలకు చదువుకొంటారు.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో మొదటి బ్లాస్టు ఫర్నేసు 1990లో వెలిగినది. ఆయన దానిని చూడలేదు. తీగలు తీయుటకు పనికివచ్చే ఉక్కు కడ్డీలు అక్కడ తయారగుట మొదలైనది. గాజువాక పొలాలు పోయి పట్టణమైనది. నిర్వాసితులకై పెదగంట్యాడ, అగనంపూడి వైపు కాలనీలు లేచినవి. ఆ తొలినాళ్లలో ఉదయపు షిఫ్టుకు గాజువాక నుండి కూర్మన్నపాలెం ద్వారం వైపు పోయే కార్మికులలో స్కూటర్లున్నవారు కొందరే. తక్కినవారు భోజనపు డబ్బాను హ్యాండిలుకు తగిలించుకొని, సముద్రం మీదినుండి వచ్చే ఎదురుగాలికి తలవంచి సైకిలు తొక్కుకొంటూ పోయేవారు.